గోడకు కొళాయి

“ఆ మిషన్ను కొంచెం పైన పెట్టి చూపిస్తావాప్పా?”

రాఘవేంద్ర తలెత్తాడు. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద అతనిది వాటర్ ఫిల్టర్ల షాపు. గల్లా పెట్టె వెనక గోడకు ‘ఫ్లోరైడు నీళ్లతో జాగ్రత్త’ అని పెద్ద బోర్డు.

ఎదురుగా ఒక ముసలాయన. మెడ నిటారుగా ఉంది. గడ్డం పైకి లేచి ఉంది. కళ్లు మాత్రమే కిందికి దించి, నేల మీది మిషన్ను చూస్తున్నాడు.

“వంగి చూడు పెద్దాయనా. అరిగిపోతావా?”

ముసలాయన నవ్వాడు. వంగలేదు.

రాఘవేంద్రకు ఒళ్లు మండింది. మిషన్ను ఎత్తి బల్ల మీద ధన్‌మని పెట్టాడు.

“ఇది దినానికి ఎన్ని నీళ్లిస్తుంది?”

“ఇంట్లో ఎంతమంది?”

“చెప్పలేనప్పా.”

“ఏమబ్బా, ఇంట్లో జనమెంతో తెలీకుండానే సంసారం చేస్తాండావా?”

షాపులో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

“ఒగ దినం ముప్పై మంది, ఒగ దినం ఇంకా ఎక్కువ. బోరునీళ్లు మావి. సరిపోతాదా?”

సరిపోదు. రాఘవేంద్రకు బాగా తెలుసు. అది నలుగురుండే ఇంటికి చేసిన మిషన్. గంటకు పదిహేను లీటర్లని అట్టపెట్టె మీద పెద్దక్షరాలు. రోజు మొత్తానికి డెబ్బై అయిదు లీటర్లు మించకూడదని కింద చిన్నక్షరాలు. బోరునీళ్లకు అవి కూడా రావు.

ఆ చిన్నక్షరాల మీదే అతను ధర స్టిక్కరు అంటిస్తాడు.

పెద్ద మిషన్ షాపులో లేదు. లేదని చెబితే బేరం ఎదురు షాపుకు పోతుంది.

“గంటకు పదిహేను. దినానికి ఇరవైనాలుగ్గంటలు. నువ్వే లెక్కేసుకో. మూడొందల అరవై!”

ముసలాయన కళ్లు మెరిశాయి. “అయితే సాయంత్రం దాకా వస్తాది,” అని తనలో తను అనుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

పక్షం తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

“మధ్యాహ్నానికే నీళ్లు అయిపోతాండాయప్పా. నేనేమన్నా తప్పుగా వాడతాండానా?”

“ఊరందరికీ పోస్తే మిషనేం చేస్తాది? సత్రం పెట్టినావా?”

“పెద్దది ఉంటే మార్చివ్వు. పైన ఎంతయితే అంత ఇస్తా.”

“వాడిన సరుకు వాపసు తీసుకోం.”

“రోంత ఆలోచించప్పా...”

“అడిగేదేమో నువ్వు, తల మాత్రం వంచవు! ఎవరికి చూపిస్తాండావు ఆ పొగరు?”

షాపులో ఈసారి ఎవరూ నవ్వలేదు.

“పొగరు కాదప్పా,” అని ముసలాయన ఒళ్లంతా ఒకేసారి తిప్పుకుని మెట్లు దిగాడు. వెనక్కి చూడలేదు.

అదీ పొగరే అనుకున్నాడు రాఘవేంద్ర.

ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం కూతురు వెన్నెల బడి నుంచి నేరుగా షాపుకు వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఖాళీ సీసా బల్ల మీద పెట్టింది.

“ఈ దినం మధ్యాహ్నం నుంచి తాత కొళాయి రాలేదు నాయనా.”

“ఏ తాత?”

“బడి పక్కన పోతులయ్య తాత. ఇంటి గోడకు బయట కొళాయి పెట్టినాడు. మేమంతా ఆడనే నీళ్లు పట్టుకుంటాం. నీళ్లు అయిపోతే సైకిల్ మీద క్యాన్లు తోసుకోనొస్తాడు. ఈ దినం తేలేదు.”

“ఎట్లుంటాడు?”

వెన్నెల గడ్డం పైకెత్తి, మెడ బిగించి నిలబడింది.

రాఘవేంద్ర స్కూటరు తాళం అందుకుని, వెన్నెలను వెనక ఎక్కించుకున్నాడు.

చిన్న ఇల్లు. గోడలోంచి బయటికి కొళాయి, గొలుసుకు గ్లాసు. తెరిచిన తలుపులోంచి మిషన్ కనిపిస్తోంది. దాని మీద తన షాపు స్టిక్కరు. దాని పైపు ఇంట్లోకి కాదు, తిన్నగా గోడలోకి పోయింది.

పోతులయ్య భార్య హనుమక్క గడప మీద కూర్చుని ఉంది.

“ఆయన లేడు నాయనా. మధ్యాహ్నం క్యాన్లతో పడినాడు. తుంటి ఇరిగింది. ఆసుపత్రిలో ఉండాడు. ఇంక లేసి నడిచేది కష్టమంట.”

అతని మొహం చూసి, లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. రాఘవేంద్ర గుక్కెడు తాగాడు. ఉప్పగా ఉన్నాయి.

“బోరునీళ్లు. మిషన్వి మేం ముట్టం. పిల్లోళ్లకే చాలడం లేదు.”

“అవ్వా... తల వంచలేదని... ఆయన్ను నేను... షాపులో అందరి ముందర...”

“ఆ మెడ యాడ వంగుతాది నాయనా,” అంది హనుమక్క, వెన్నెల తల నిమురుతూ, “ఈ నీళ్లు తాగి తాగి ఎన్నడో బిగుసుకపాయ, ఈ బిడ్డలకట్ల కాకూడదనే కదా గోడకు కొళాయి పెట్టిచ్చె.”