జేబుల అక్క

ఆసుపత్రి ఆయా కొట్టులోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. సంచిలోంచి లంగా తీసి కుట్టుమెషీన్ మీద పడేసింది.

"మళ్లీ పోయిందక్కా. మళ్లీ!"

జేబుల అక్క పెదాల మధ్యనున్న దారం తీసి పక్కన పెట్టింది. ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎప్పుడో అరిగిపోయి ఇదే మిగిలింది. పైకి జాకెట్లు కుట్టే కొట్టు. అడిగిన ఆడవాళ్లకు మాత్రం లంగా లోపల దొంగజేబు కుట్టిపెడుతుంది. ఒకరికి నడుంపట్టీ కింద, ఒకరికి కుచ్చుల మాటున. ఒకరి జేబు సంగతి ఇంకొకరికి తెలియనివ్వదు.

"స్నానం చేసి వచ్చేసరికి లంగా దండెం మీదే ఉంది. మడత కూడా చెదరలేదు. డబ్బు లేదు. మా ఆయన ఇల్లంతా వెతికి తీసుకున్నా ఇంత మండేది కాదు!"

"మగాడి చేతికి కళ్లుంటాయే పిచ్చిదానా."

ఆయాది ఆసుపత్రిలో పక్కలు మార్చే పని. నర్సు శిక్షణలో చేరాలని ఆశ. ఫీజు కడితే హాస్టల్లో మంచమిస్తారు. ఆ మంచం దొరికితే ఇక మొగుడి గడప తొక్కనక్కర్లేదు. ప్రతిసారీ గడువు దగ్గరపడేసరికి జేబు ఖాళీ. ఈ ఏడు దాటితే వయసు కూడా దాటిపోతుంది.

"తోటి ఆయాలంతా తలో చెయ్యి వేశారక్కా. రేపే కట్టాలి. ఈ ఒక్క రాత్రి దాటితే చాలు. పోనీ, నీ దగ్గర ఉంచనా?"

"వద్దమ్మా. పరాయి సొమ్ము ఇక్కడ పెట్టుకోను. రేపు ఏదైనా అయితే నలుగురూ నన్నంటారు."

అక్కకి తన మొగుడు గుర్తొచ్చాడు. ఉన్నన్నాళ్లూ ఆమె రెక్కల కష్టమంతా అతని గొంతులోకే దిగింది. అతను పోయాక ఒకటే పట్టుదల, అద్దెకున్న ఈ గదిని కొనేయాలని. తనదంటూ నాలుగు గోడలు లేని ఆడదాని బతుకూ ఒక బతుకేనా?

ఆమె లంగా తిరగేసి పాత జేబు విప్పేసింది. కొత్త చోట గుడ్డముక్క పెట్టి, సన్నటి కుట్టు వేసి, దారం పంటితో తెంపింది.

"కుడి మోకాలి వెనక. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు."

"కూలి ఎంతక్కా?"

"నీ దగ్గర తీసుకుంటే నా చేతులు పడిపోవూ? వెళ్లు."

ఆయా కళ్లు తుడుచుకుని నవ్వింది. "నర్సునయ్యాక మొదటి సూది నీకే. నొప్పి తెలియకుండా వేస్తా."

"నీ సూది కంటే నా సూదే నయం లేవే."

గడప దాటబోతూ ఆయా ఆగింది. "మా ఆయన పాంటు అడుగు కుట్టు ఊడిందట, తెస్తానన్నాడు. నోరు జారకక్కా, నీకు పుణ్యముంటుంది."

"నా నోట్లోంచి దారం జారుతుందేమో గానీ మాట జారదు."

మధ్యాహ్నం ఎండలో ఆయా మొగుడు పాంటు భుజాన వేసుకుని వచ్చాడు. అక్క దాన్ని బల్ల మీద పరిచి అడుగు చూసింది. కుట్లు చెక్కుచెదరలేదు.

"కుడి మోకాలి వెనక," అంది సుద్దముక్క తీసుకుంటూ, "ఈసారి డబ్బు బాగానే ఉంది, నా సగం తగ్గకూడదు."