గుమ్మం దాకా గీత

"గా గడియారం తీసెయ్ బిడ్డా."

ముసలాయన మళ్లీ అడ్డం వచ్చాడు. మూడు రోజులుగా ఇదే వరస.

తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల రోడ్డు. పొద్దున ఏడు దాటింది. పరుగెత్తుతున్న దేవిక రొప్పుతూ ఆగింది.

"నా గడియారంతోని నీకేం పని? జరుగు!"

"నువ్వు ఉరికిన దారంతా అది ఫోన్ల గీత గీస్తది. నీ గుమ్మం కాడ మొదలైతది, గుమ్మం కాడనే ఆగుతది. గా గీత పట్టుకొనే నేనొచ్చిన."

దేవిక రెండడుగులు వెనక్కి వేసింది. అన్న ఈశ్వర్ పంపిన మనిషే!

కులం కాని మహేందర్‌ని చేసుకుందని, చెల్లెల్ని నరుకుతానని ఈశ్వర్ బొంరాస్‌పేటలో నలుగురి ముందూ ఒట్టేశాడు. నాలుగు నెలలుగా మొగుడూ పెళ్లాం తాండూరులో అద్దెగదిలో దాక్కున్నారు. దేవిక సిమ్ మార్చింది. కానిస్టేబుల్ పరీక్ష పరుగు నేర్పే ఫోన్ యాప్ గ్రూపులో పేరు కూడా సింధుజ అని మార్చుకుంది. కోచ్ చెప్పినట్టు ఏ రోజు పరుగు గీత ఆ రోజు అందులో పెట్టేది. అసలు పేరు లేదు, ఫొటో లేదు, ఇంకేం భయమనుకుంది పిచ్చిది.

ముసలాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గడియారం గుంజి, రాతిముక్కతో చితక్కొట్టాడు.

"ఎవరన్న రాండ్రి! నన్ను సంపనీకి వచ్చిండు!"

యూనిట్ల నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. కర్రలు, బెల్టులు, రాతిచెక్కలు.

"సిగ్గు లేదురా ముసలోడా!"

ముసలాయన పళ్లు రాలాయి. నెత్తుట్లో పొర్లాడు. ఒక్కడంటే ఒక్కడు, ఎందుకు చేశావని అడిగితేగా! ఆయన చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. దేవిక కసిదీరా డొక్కలో తన్నింది.

"గుమ్మం కాడికెల్లి ఉరుకకు బిడ్డా..."

అదే ఆఖరి మాట. వికారాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

స్టేషన్‌లో ఎస్సై ముసలాయన ఫోన్ తెరిచాడు. దేవికవే కాదు, ఇంకో పదిమంది ఆడపిల్లల పరుగు గీతలున్నాయి. తన్నడం మంచి పనే అయిందనుకుంది దేవిక.

అప్పుడే మహేందర్ ఎవరి ఫోన్ నుంచో చేశాడు.

"ఇంటికి రాకు దేవికా! మీ అన్న గొడ్డలితోని తలుపు పగలగొట్టిండు. నా చెయ్యి తెగింది, మిద్దె మీదికెల్లి దుంకి ఉరికిన. నువ్వు మీ ఇంటికాడ ఇడిచిన పాత ఫోన్ల గా గ్రూపు ఇంక తెరిచే ఉన్నదంట, నీ గీతలన్ని కనపడ్డయంట. ఏడున్నరకు నువ్వొస్తవని అప్పటికెల్లి గుమ్మంలనే కూసున్నడు!"

ఎస్సై వెంటనే పోలీసుల్ని ఆ ఇంటికి పంపాడు. రోజూ ఏడున్నరకి ఆమె గుమ్మంలోనే ఉండేది. ఇవాళ మాత్రం ముసలాయన్ని తన్నుతూ ఆగిపోయింది. అయ్యో, ఎంత పని చేశాను అనుకుంది దేవిక.

మధ్యాహ్నానికి మోమిన్‌పేట్ బస్సు దిగి ముసలాయన భార్య మొగులమ్మ వచ్చింది.

"నీ పెనిమిటి ఆడపిల్లల ఎంట ఎందుకు తిరుగుతుండె?" అడిగాడు ఎస్సై.

"పైలం అని చెప్పనీకే సారూ. మా బిడ్డ జ్యోతిరాణి గూడ ఆ గ్రూపులనే ఉండె. దాని పాత ఫోన్ల ఏ పిల్ల గీత గుమ్మం కాడ మొదలైతే, ఆ పిల్ల ఊరికి ఈయన బస్సెక్కి పోతుండె."

"ఆయనకెందుకమ్మా అంత పట్టింపు?" దేవిక ఏడుస్తూ అడిగింది.

మొగులమ్మ చూపు ఆమె బూటు మీది నెత్తుటి మరక దగ్గర ఆగింది.

"ఇష్టమైనోన్ని చేసుకుందని, పోయినేడు మా బిడ్డను దాని గుమ్మంలనే నరికిండ్రు. చెల్లెను ఇంటికి తోల్కొస్తనని మా పెద్దకొడుకు అంటే నమ్మి, వానికి ఫోన్ల గీత చూపిచ్చింది ఈయననే."