భీమయ్య బండి బ్రేకు

నిహారిక విసిరిన పానా సైదులు చెవి పక్కనుంచి దూసుకుపోయి రేకుల గోడకు తగిలింది.

షెడ్డు ముందు జనం పోగయ్యారు. నార్కట్‌పల్లి చౌరస్తాలో సైదులు షెడ్డంటే తెలియనివాళ్లు లేరు. పాత బుల్లెట్ల పని పడితే కల్వకుర్తి నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. ఇవాళ ఆ పేరు మట్టిలో కలిసేలా ఉంది.

"బ్రేకు ఎవరు బిగించిండ్రు? నువ్వా, నీ పనోళ్లా? పేరు చెప్పు కాకా."

ఏడ్చి ఏడ్చి నిహారిక గొంతు బొంగురుపోయింది. తండ్రి దినాలు నిన్ననే అయ్యాయి.

మూలన నల్ల పట్టా కప్పిన బండి ఉంది. ప్రమాదం తర్వాత దాన్ని ట్రాలీలో వేయించి తెచ్చింది సైదులే. తెచ్చినప్పటి నుంచి ఎవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడూ దానికి అడ్డంగా నిలబడ్డాడు.

నిహారిక తండ్రి భీమయ్య బుల్లెట్ బండి అది. కరెంటు లైన్‌మన్‌గా చేరిన కొత్తలో కొన్నాడు. ఊరూరా స్తంభాలు ఎక్కడానికి దాని మీదే తిరిగాడు. సెలవు దొరికితే చాలు, సైదులును వెనక ఎక్కించుకుని దేశం మీద పడేవాడు. శ్రీశైలం, హంపి, ఒకసారి ఏకంగా కన్యాకుమారి. చివరికి ఇంజను పట్టేసి బండి గొడ్ల కొట్టం చేరింది. కోళ్లు సీటు మీద గుడ్లు పెట్టాయి. అయినా అమ్మనంటే అమ్మనన్నాడు.

రిటైరైన నాడు బాపుకు ఆ బండినే మళ్లీ చేతికివ్వాలని నిహారిక ముచ్చటపడింది. హైదరాబాదులో కొలువు. ప్రతి ఆదివారం వచ్చి గోనెసంచి పరుచుకుని సైదులు పక్కనే కూర్చునేది. చప్పుడు పాతదే ఉండాలి, మిగతావన్నీ ఇప్పటి బండ్లలా కావాలంది. సెల్ఫ్ స్టార్టు, తెల్ల లైటు, మెత్తటి సీటు, గేరు ఎడమకు, బ్రేకు కుడికి, వెనక సామాను పెట్టెలు, కొత్త టైర్లు. అన్నీ ఆమె ఏరికోరి చేయించినవే. ఈ వయసులో ఆయనకు ఇన్ని మార్పులెందుకని సైదులు ఒకసారి గొణిగాడు. బాపు రాజా లెక్క పోవాలె కాకా, అని నవ్వేసింది.

భీమయ్య బండి చుట్టూ తిరిగి చూసుకున్నాడు. ట్యాంకు మీద చెంప ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వారం తిరగకముందే శ్రీశైలం బయలుదేరాడు.

దేవరకొండ దాటాక ఒక మలుపులో గొర్ల మంద రోడ్డెక్కింది. బండి ఆగలేదు. గొర్లను తప్పించబోయి కల్వర్టుకు గుద్దుకుంది. దవాఖానలో లోపలికి ఒక్కరినే రానిచ్చారు. భార్య మంజులత వెళ్లింది. ఆయన ఊపిరి ఆగేదాకా చెయ్యి వదల్లేదు.

"గొర్ల కాపరి కండ్లార చూసిండు. బ్రేకు పడనే లేదన్నడు." నిహారిక మేనబావ గిరి ముందుకొచ్చి పట్టా అంచు పట్టుకున్నాడు. "తొక్కి చూస్తే ఇప్పుడే తేలిపోతది."

సైదులు అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "బండి ముట్టకు."

"ఎందుకు? ఏం దాస్తున్నవ్?"

సైదులు నుదుటి మీది చెమట కళ్లలోకి దిగింది. తుడుచుకోలేదు. దొంగ దొరికాడని జనంలో ఎవరో అన్నారు. మంజులత స్టూలు మీదనుంచి లేవలేదు. ఆమె చూపు సైదులు ముఖం మీదే ఉంది.

నిహారిక దగ్గరికొచ్చింది. ఈసారి అరవలేదు.

"నాకు నిద్ర పడ్తలేదు కాకా. కండ్లు మూస్తే బాపే. ఎవరో ఒకరి పేరు చెప్పు."

సైదులు ఆమె వైపు చూశాడు. తర్వాత తల వంచుకున్నాడు.

"నేనే బిడ్డా. బ్రేకు రాడ్డు నట్టు బిగించుడు మరిచిన."

నిహారిక రెండు పిడికిళ్లతో అతని ఛాతీ మీద కొట్టింది. కొట్టి కొట్టి అక్కడే కూలబడింది. గిరి ఠాణాకు ఫోన్ చెయ్యబోతే ఆమే వద్దంది. బాపు పేరు ఠాణాలో పడొద్దంది. జిందగీలో మళ్లీ పానా పట్టనని మాత్రం సైదులుతో చెప్పించమంది.

సైదులు చెప్పాడు. జేబులోని షెడ్డు తాళం చెవి తీసి గిరి చేతిలో పెట్టాడు. గిరి పోతూ పోతూ గోడ మీది పేరు బోర్డు పీకి రోడ్డు మీదికి విసిరాడు.

జనం చెదిరిపోయారు. నిహారికను కారులో కూర్చోబెట్టాక మంజులత చేతిసంచి మరిచానని చెప్పి వెనక్కొచ్చింది. సంచి ఆమె భుజానికే ఉంది.

తిన్నగా మూలకు నడిచింది. పట్టా పైకెత్తింది. బండికి ఎడమవైపు ఉన్న గేరు రాడ్డు, బలంగా తొక్కినట్టు నేల దాకా వంగిపోయి ఉంది. దాన్ని కాసేపు చేత్తో తడిమింది. మళ్లీ పట్టా కప్పింది. గోడ దగ్గర పడి ఉన్న పానా తెచ్చి సైదులు చేతిలో పెట్టి, అతని వేళ్లు ముడిచింది.

"వదినా..." అన్నాడు సైదులు. తల ఎత్తలేకపోయాడు.

మంజులత ఒకసారి కారు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"బిడ్డకు తెల్వనియ్యకని నాతోటి ఒట్టు వెట్టిచ్చుకొని పోయిండు సైదులూ: ఎన్నేండ్ల అలవాటుకు ఆయన ఎడమకాలే తొక్కిండు, గాడ ఉండే బ్రేకును కుడికాలి కిందికి మార్పిచ్చింది మన నిహారికనే."