ఒక్క దీర్ఘం

"అయిదు లక్షల లోను, ఎనుక పదిహేను వేల నౌకరీ. తూకమేసి చూడు తమ్మీ. బియ్యే సదివితే బియ్యం గూడ రావు" అని మా అన్న ఎల్లేష్ పకపకా నవ్వాడు.

నా కూతురు అమల బి.ఏ. చరిత్రలో చేరడానికి అప్పు ఇవ్వాలంటే బ్యాంకువారు జామీన్ అడిగారు. మరొకరు పూచీపడి సంతకం చేయాలి. అందుకే శాలిబండలోని అన్న వెల్డింగు దుకాణానికి వచ్చాము. అక్షరాన్ని తక్కెడలో వేసే మనిషిని అర్థించవలసి రావడం నాకు అవమానంగానే ఉన్నది.

"నువ్వు రాత్రి బడికి వోయి బియ్యే జేస్తివి, ఏం గడిస్తివి? నన్ను జూడు. దోస్తు కాగితం మీద ఒక్క దస్కత్ వెట్టిన, జమీన్ల వాటా వచ్చింది."

అతడు గల్లాపెట్టెలోంచి ఆ ఇంగ్లీషు కాగితం తీసి గర్వంగా చూపించాడు. అమల దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇందుల జమీన్ లేదు, భూమి మాటే లేదు పెద్దబాపు. నీ దోస్తు తీస్కున్న ఇరవై లక్షల అప్పుకు నువ్వు జామీన్ ఉన్నవ్. ఆయన కట్టకుంటే నువ్వే కట్టాలె."

"వాడు జమీన్ అనే అన్నడు గదా..."

"ఒక్క దీర్ఘానికి ఇరవై లక్షలు. తూకమెయ్యి అన్నా" అన్నాను.

అన్న ఆ కాగితాన్ని మడిచి గల్లాపెట్టెలో పెట్టాడు. తరువాత అమల బ్యాంకు ఫారాన్ని దగ్గరకు లాక్కుని, కలం అందుకున్నాడు. మళ్ళీ కింద పెట్టేశాడు.

"ముందుగాల మొత్తం సదివి ఇనిపియ్యి బిడ్డా."