రుద్దుకోని దెబ్బ

"డొక్కలో కొట్టు. తల జోలికి మాత్రం పోకు," అంటూ కోచ్ హస్కిన్స్ బేస్‌బాల్ బంతి నా చేతిలో పెట్టాడు. "నిన్న వాళ్ళు మనవాణ్ణి కావాలని కొట్టారు. ఇవాళ వాళ్ళవాడికి తగలకపోతే, మెర్ల్, రేపు నువ్వు తిరిగి మీ నెబ్రాస్కా పోయి పందులు మేపుకుంటావు."

ఎదురుగా బ్యాటు పట్టుకుని నిలబడ్డవాడు క్లైడ్. ఆరేళ్ళు మా జట్టులోనే ఉండి, నేను విసిరే బంతులు పట్టినవాడు. పోయిన నెలే అవతలి జట్టు వాణ్ణి కొనుక్కుంది.

వాణ్ణి కొట్టడానికి నాకు చేతులు రాలేదు. ఛాతీకి జానెడు ముందు నుంచి పోయేలా విసిరాను.

క్లైడ్ వెనక్కి తగ్గలేదు. అరడుగు ముందుకు జరిగాడు. బంతి తగిలి వాడి మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

పరిగెత్తాను. "ఎందుకు జరిగావురా?"

"అరవకు, మీవాళ్ళు చూస్తున్నారు," అన్నాడు పళ్ళు బిగించి. "నువ్వు తప్పించి వేస్తావని నాకు తెలీదూ? తగలకపోతే నిన్ను తీసేస్తారు. మళ్ళీ పందులు మేపుతావా, వెధవా?"

"చెయ్యి చూపించు."

"పో, పోయి ఆడుకో."

మా బేస్‌బాల్‌లో బంతి తగిలిన చోట రుద్దుకోవడం పరువు తక్కువ. క్లైడ్ రుద్దుకోలేదు. వేళ్ళు వేలాడుతుంటే, నోట్లో గమ్ నములుతూ, బంతి తగిలినవాడికి ఊరికే దక్కే మొదటి బేస్‌కి నడిచాడు.

కోచ్ వచ్చి నా భుజం తట్టాడు. "రుద్దుకోనైనా లేదు వాడు. గట్టిగా తగిలినట్టు లేదు. మళ్ళీ బ్యాటు పట్టుకొచ్చినప్పుడు ఇంకోటి వెయ్యి."

క్లైడ్ మళ్ళీ ఎప్పుడూ బ్యాటు పట్టలేదు.