మొగడు లేనోళ్ళ జాబితా

1996 నవంబరు 15, శుక్రవారం. ఉదయం మిగిలిన దోసకాయ పప్పు, రెండు చల్ల మిరపకాయలతో గల్ఫ్ కంపెనీలో గుమాస్తా అయిన సత్యనారాయణ ఆ రోజు పెందలాడే భోంచేశాడు. చెయ్యి కడుక్కుంటుండగా తలుపు చప్పుడైంది.

తమ కంపెనీలో తాపీ పనిచేసే జలంధర్. కూలీలుండే ముఐథర్ క్యాంప్ నుంచి ఎవరిదో పికప్‌లో వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, గదిలో దుమ్ము పడకుండా అరికాళ్ళు తువ్వాలుతో తుడుచుకున్నాడు. భార్య పోయాక ఆ గదిని అంత మర్యాదగా చూసినవాళ్ళు లేరనిపించింది సత్యనారాయణకు.

"సారూ, కంపెనీ కాయితం మీద ఒక్క ముక్క రాసియ్యుండ్రి. నాకు నౌకరి లేదని."

"లేదా? మరి రేపు డ్యూటీకి ఎలా వెళ్తావయ్యా?"

"డ్యూటీకి పోత. కాయితంల పోను."

వానలకు ఊళ్ళో అతని ఇంటి గోడ కూలింది. భార్య సాయవ్వ, కూతురు సుహాసిని పశువుల కొట్టంలో పడుకుంటున్నారు. ఇల్లు కట్టుకోవడానికి సర్కారు లోను అడిగితే మండలం ఆఫీసరు దరఖాస్తు కొట్టేశాడు.

"ఏమన్నడో ఎర్కేనా సారూ? 'నీ మొగడు దుబాయ్‌ల ఉన్నడు, ఆడ నల్లా తిప్పితే పెట్రోలు అస్తది, నీకు బీదోళ్ళ లోనెందుకు' అన్నడట. ఆళ్ళకు గల్ఫంతా దుబాయే. మా క్యాంపుల నల్లా తిప్పితే నీళ్ళే రావు."

"నీ అసలు జీతం రాసిస్తాను. నెలకు నాలుగొందల రియాళ్ళని."

"రూపాయలల్ల లెక్కజేస్తే అది గూడ ఎక్కువనే అంటరు. వీసా అప్పు మిత్తికే పోతదని ఏ కాయితంల ఉంటది సారూ?"

సత్యనారాయణ ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో దొంగ కాగితం రాసి ఎరగడు. మేనేజరుకు తెలిస్తే తన ఉద్యోగమే పోతుంది.

"కొట్టం గట్టిగా ఉందా?"

"అది గూడ నేడో రేపో అన్నట్టున్నది."

సత్యనారాయణ ఆఫీసు సంచిలోంచి లెటర్‌ప్యాడ్ తీసి నాలుగు వాక్యాలు రాసి, ముద్ర వేశాడు. జలంధర్ కాళ్ళ మీద పడబోతే భుజాలు పట్టి ఆపాడు.

"ఇంకొకటి సారూ. నిన్న ఇంటి నుంచి ఉత్తరమొచ్చింది. క్యాంపుల మాకు సదివిపెట్టే గజేందర్ సెలవు మీద పోయిండు."

సత్యనారాయణ కవరు చించి, సుహాసిని గుండ్రటి అక్షరాలు పైకి చదివాడు.

"'బాపూ, మనకు లోను మంజూరైంది. పునాదికి ముగ్గు గూడ పోసిండ్రు.'"

జలంధర్ ఎగిరి నిలబడ్డాడు. "యల్లా సారూ, జల్ది ఆ కాయితం చింపేయుండ్రి! వచ్చే నెల నా సెలవున్నది. మందికి మహళ్ళు కట్టినోన్ని, నా ఇంటి గోడ నేనే లేపుత!"

సత్యనారాయణ సంతోషంగా దొంగ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. గుండెల మీద బరువు దిగింది. మళ్ళీ చదవసాగాడు.

"'ఇల్లు అయ్యేదాంక నువ్వు రాకు బాపూ. ఉత్తరం గూడ రాయకు. పోస్టాయన మండలంల ఎవరికన్న చెప్తడు.'"

"ఎందుకట?"

సత్యనారాయణ చూపు కింది వాక్యం మీద ఆగిపోయింది.

"సదువుండ్రి సారూ."

"'కొత్త ఆఫీసరు వచ్చిన దినం అమ్మ బొట్టు తుడుసుకుంది. పుస్తెలు తీసి బియ్యం డబ్బల దాసింది. నువ్వు సైటు మీదికెళ్ళి పడి సచ్చిపోయినవని చెప్పింది. ఊరోళ్ళు ఒక్కలు గూడ నోరిప్పలేదు. మన పేరు మొగడు లేనోళ్ళ జాబితల ఎక్కింది. ఆయన పోయినంక అమ్మ పుస్తెలు మళ్ళ ఏసుకుంది.'"

కింద పికప్ హారన్ మోగింది. జలంధర్ కదలలేదు.

"ఆఖరి ముక్క ఇంకోపారి సదువుండ్రి సారూ."

సత్యనారాయణ పుస్తెలు మళ్ళ ఏసుకున్న మాట చదివాడు. జలంధర్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. ఆ అడుగుల చప్పుడు ఆగేదాకా నిలబడి, సత్యనారాయణ మెల్లగా తలుపు గడియ పెట్టాడు.