టాకాలు లేని బొంత

ఇస్త్రీ బండి ఆవిడ చెప్పినదాన్ని బట్టి చూస్తే, బొంతల షెడ్డులో అత్తాకోడళ్ళు జిగురు సీసా కోసం జుట్లు పట్టుకున్నారట. అత్త సీసా విసిరేసిందట, కోడలు సూది చూపించిందట, ఓనరు మధ్యలో దూరి చొక్కా చింపించుకున్నాడట. ఇస్త్రీ ఆవిడ ఆ పూట షెడ్డు ఛాయలకైనా వెళ్ళలేదు. అయితే చూడకపోవడమన్నది ఆవిడ చెప్పడానికి ఎన్నడూ అడ్డు రాలేదు.

నిజానికి చొక్కాలేవీ చిరగలేదు. సీసా మాత్రం నిజం.

ఆ షెడ్డులో బొంతంటే మూడు పొరలు. కింద గుడ్డ, మధ్యన దూది, పైన అతుకుల గుడ్డ. మూడూ జారిపోకుండా ముందు పొడుగాటి టాకాలు వేస్తే గానీ మిషను మీదికి ఎక్కించరు. మిషను కుట్టు పడ్డాక ఆ టాకాలు పీకేస్తారు. అలా పీకి పారేసే కుట్టు కోసం ఆరుగురు ఆడవాళ్ళు పొద్దస్తమానం నేల మీద మోకాళ్ళతో పాకుతుంటారు. వాళ్ళకి పెద్దదిక్కు అత్త. ఆ పెద్దదిక్కుకు తలనొప్పి కోడలు. ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. ఉప్పు నిండుకున్నా గోడకి చెప్పుకుంటారు. పోట్లాట మాత్రం షెడ్డుకొచ్చి చేసుకుంటారు. వినేవాళ్ళు లేని పోట్లాటకు రుచేముంటుంది?

కోడలి మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్టెక్కితే తుప్పు పట్టిన తలుపు బందుల్లా కిర్రుమంటాయి. ఎలాగైనా ఈ నేల మీంచి లేవాలని ఆమె పంతం. పుట్టింట్లో గుట్టుగా ఓ చిన్న బొంత మీద పరీక్ష చేసి చూసుకుని, ఆ ఉదయం ఓనరు రాగానే కొంగు చాటు నుంచి తెల్ల జిగురు సీసా తీసింది. బడిపిల్లలు కాగితాలు అంటించుకునే రకం.

"సారూ, ఇంక టాకాలతో పన్లేదు. పొరల మధ్య దీన్ని సన్నగా గీతల్లా పోసి, పైన ఇస్త్రీ పెట్టి లాగితే కదలదు. మిషను కుట్టాక నీళ్ళలో జాడిస్తే జిగురంతా పోతుంది."

ఓనరు నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"ఏమే, బొంతనుకున్నావా, గోడ మీది పోస్టరనుకున్నావా? చీమలు పడతాయి!"

"ఇందులో చక్కెర లేదత్తా."

"ఆ సంగతి చీమలకి చెప్పిరా పో. ఎలకలు కొరుకుతాయి!"

"నీ టాకాల బొంతలకి మాత్రం దణ్ణం పెట్టి పోతున్నాయా ఎలకలు?"

మిగతా నలుగురూ కిసుక్కుమన్నారు. వాళ్ళవీ మోకాళ్ళే కదా. జిగురు వాసనకి తల తిరుగుతోందంటూ అత్త దూది మూట మీద కూలబడింది.

"మూత తియ్యకుండానే తిరిగిందా?" అంది కోడలు.

"పెద్దదాన్ని. నాకు ముందే తిరుగుతుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అత్త అని అందరికీ తెలుసు గానీ, ఆ రోజు కుందేలుకు అసలు కాళ్ళే లేవన్నట్టు మాట్లాడింది. జిగురు తగిలితే పసిపిల్లలకి ఒంటి మీద దద్దుర్లొస్తాయంది. మిషను సూది పూడిపోతుందంది. ఉతికితే బొంత అట్టముక్కలా బిగుసుకుపోతుందంది. ఇస్త్రీ పెట్టె అందకుండా దాని మీద కూర్చోబోయి, అది వేడిగా ఉందని ఆఖరి క్షణంలో గుర్తొచ్చి లేచింది.

ఓనరుకి వేడుకగా ఉంది. "చేసి చూపించు," అన్నాడు కోడలితో.

కోడలు జిగురు గీసింది, ఇస్త్రీ లాగింది, మిషనుకిచ్చింది, తొట్టెలో జాడించింది. పక్కనే నలుగురు కలిసి మొదలెట్టిన బొంతకి టాకాలింకా సగం కూడా పడలేదు. ఎండలో ఆరిన జిగురు బొంతని ఓనరు చెంపకి రుద్దుకున్నాడు. మెత్తగా ఉంది. చీమ లేదు, ఎలక లేదు, అట్టముక్క లేదు.

అత్త ఓనరు దగ్గరికెళ్ళి చేతులు పట్టుకున్నంత పని చేసింది. "బాబూ, నా మాట విను. చేతి సూది పడని బొంతకి వెచ్చదనం ఉండదు. ఇది వద్దు బాబూ."

ఎవరి ముందూ తగ్గని గొంతు అలా బతిమాలుతుంటే కోడలికి చెవుల్లో తేనె పోసినట్టుంది. ఇన్నాళ్ళకి అత్త ఓడింది. అదీ అందరి ముందూ.

"శభాషమ్మా!" అన్నాడు ఓనరు కోడలితో. "ఇంత బుర్ర పెట్టుకుని నేల మీద పాకుతున్నావా? రేపట్నుంచి జిగురు పనికి నువ్వే పెద్ద."

కోడలు నడుం నిటారుగా నిలబెట్టింది. "నా కింద ఎంతమంది సారూ?"

"నీ కింద ఎవరెందుకు? నువ్వూ, ఇస్త్రీ పెట్టే చాలు. టాకాలే లేనప్పుడు టాకాలవాళ్ళతో పనేముంది? మిగతావాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదు."

"మరి... నాకో బల్లయినా..."

"బల్ల మీదైతే బొంత అంచులు వేలాడతాయమ్మా. నేలే నయం."

ఓనరు సీసా జేబులో వేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. కిసుక్కుమన్న నలుగురూ సూదులు గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆ చూపులన్నీ తన మీదే పడుతుంటే కోడలికి ఎటు చూడాలో తోచలేదు. తోచనప్పుడు ఆమె చేసే పని ఒకటే. అత్త మీద విరుచుకుపడింది.

"పొద్దుట్నుంచీ అన్నీ పిచ్చి వంకలేనా? ఈ జిగురు మనందరి పొట్టా కొడుతుందే అని ఆ ఒక్క ముక్క చెప్పి చావొచ్చుగా అత్తా!"

అత్త తన సూదిని కొంగు అంచుకి గుచ్చుకుంది.

"ఓనరు ముందా?"